తెగిన వేలి కొలత

షికాగో ఫ్యాక్టరీలో నా పని వైర్లు కట్టడం.
ఒక్కో పిన్‌బాల్ యంత్రం కడుపులో అరమైలు తీగ.
పసుపు మీద ఎర్రచార గంటకి,
తెలుపు మీద నల్లచార బంపర్‌కి.
ముప్ఫై ఒక్క ఏళ్లు అదే చేశాను
బోలెక్ వ్రోనా గీసిన ప్రతి బల్లకీ.

వ్రోనా అంటే పోలిష్‌లో కాకి అట.
నిజమే, మెరిసేది ఏది దొరికినా జేబులో వేసేవాడు,
నడుస్తుంటే గలగలమనేవాడు.

మొదట్లో అతను ప్లైవుడ్‌కి చిల్లులు పొడిచే కుర్రాడు.
యాభై మూడు ఫిబ్రవరిలో,
వేళ్లు కొంకర్లు పోయే ఒక పొద్దున
డ్రిల్లు అతని ఎడమ బొటనవేలి కొస తీసుకుపోయింది.
పరిహారం ఇవ్వాల్సిన చోట
పెన్సిలిచ్చి పైఅంతస్తులో కూర్చోబెట్టారు.

అలా డిజైనర్ అయ్యాడు.

రంగు పడని తెల్లచెక్క మీద
మేకులు కొట్టి, రబ్బర్లు తగిలించి,
ఒక చేత్తో రొట్టె తింటూ ఇంకో చేత్తో బంతి వదిలేవాడు.
అదే బంతి. నూరుసార్లు. ఇన్నూరు.
భోజనాల వేళ నన్ను పిలిచి ఆడమనేవాడు.
"చెప్పు ఎర్లీన్, బంతి పోయినప్పుడు
కోపం ఎవరి మీద వచ్చింది?
యంత్రం మీదా, నీ మీదా?"
నా మీదే, అన్నాను.
"అయితే బాగుంది," అని కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు.

అడుగున రెండు ఫ్లిప్పర్లు,
నిద్ర ఆపుకుంటున్న రెండు రెప్పలు.
వాటి మధ్య సందుని అతను ఏనాడూ స్కేలుతో కొలవలేదు.
బొటనవేలు ఆనించేవాడు,
మొదటి కణుపు నుంచి తెగిన కొసదాకా.

"పావంగుళం పెంచు,
గంటకి ఇంకో నాలుగు నాణేలు రాలతాయి," అన్నాడు
యజమాని హాల్వర్సన్.
"నా వేలు మళ్లీ మొలిస్తే పెంచుతాను," అన్నాడు బోలెక్.

ఆ రోజుల్లో ఈ ఊళ్లో పిన్‌బాల్ చేయొచ్చు, ఆడకూడదు.
చట్టం.
మా చేతుల్లో పుట్టినవన్నీ
చీకటితో ట్రక్కులెక్కి పొరుగూళ్లకు పోయేవి.
ఒక శనివారం రైలెక్కి మిల్వాకీ వెళ్లాడట,
బౌలింగ్ హాలు మూల నిలబడ్డాడట, ఎవరో కానట్టు.
పాల కంపెనీ యూనిఫాంలో ఒకడు ఆడుతున్నాడట.
"తుంటితో నెట్టాడు ఎర్లీన్, ఎంత మెత్తగా!
టిల్ట్ దీపం వెలగనే లేదు."
సోమవారమంతా ఇదే కబురు.

ఒక్కసారి ఒప్పుకున్నాడు.
డెబ్భై తొమ్మిదిలో. హలీనా ఆస్పత్రిలో ఉంది.
పావంగుళం.
ఆ యంత్రమే అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది.
కేకు కోశారు, నాకూ ఒక ముక్క వచ్చింది.
దాని పేరు అతను నా ముందు ఎత్తలేదు,
నేనూ ఎత్తను.

తర్వాత తెరలొచ్చాయి, బరువు లేని బంతులతో.
నలభై మంది ఆడవాళ్ల వరుస
ఆరుగురైంది. ఎనభై మూడులో నేను బయట.
అతను మిగిలాడు, కొత్త కుర్రాళ్లకి గీయడం నేర్పుతూ.
వాళ్లు వేరే కంపెనీలకి వెళ్లారు, సముద్రాలు దాటారు,
ఆ కొలతనీ వెంట తీసుకెళ్లారు.
ఇప్పుడది కంప్యూటర్‌లో ఒక అంకె.
అంకె ఉంది, వేలు లేదు.

మొన్న సెర్మాక్ రోడ్డు లాండ్రీలో
దుప్పట్లు తిరుగుతుంటే
మూలన ఒక కొత్త యంత్రం, ఏవో అరుపులు, రంగురంగుల దీపాలు.
నాణెం వేశాను.
కీళ్లనొప్పుల చేతులు, అయినా కాసేపు ఆడించాను.
ఆఖరికి బంతి నడిమధ్యగా దిగింది,
రెండు రెప్పలూ కొట్టుకున్నాయి, అందలేదు.

కోపమొచ్చింది.
నా మీదే.